మాంసం మాది, పేగులు సముద్రానివి

విశాఖపట్నం చేపలరేవులో తెల్లవారుజామున వేలం ముగిశాక రోజూ ఒక ఆస్తి పంపకం జరుగుతుంది. స్టాంపు కాగితాలుండవు, సాక్షి సంతకాలుండవు, కోర్టు వాయిదాలు అసలే ఉండవు. కోనాం చేప ముక్కలు కొన్నవాడి సంచిలోకి వెళతాయి. డబ్బు అమ్మినామె బొడ్లోకి వెళుతుంది. తలకాయ పులుసు తినే ఇల్లయితే తల కూడా సంచిలోకే. ఇక మిగిలిన పొలుసు, మొప్పలు, రెక్కలు, తోక, పేగులు ఉన్నాయి చూశారూ, వాటికి వారసుడిగా బంగాళాఖాతాన్ని ఏకగ్రీవంగా ప్రకటిస్తారు. బంగాళాఖాతం ఈ వారసత్వం కోరలేదు. వద్దు మొర్రో అని కెరటాల చేత రోజూ తిప్పి పంపిస్తూనే ఉంది. అయినా జానెడు గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే నేల మీద, ఇంత ఉదారంగా, ఇంత పొద్దున్నే ఒక వాటాను వదులుకోవడం కనిపించేది ఇక్కడొక్కచోటే కనక, మెచ్చుకోకుండా ఉండలేం.

వాటా చిన్నదేమీ కాదు. చేప రకాన్ని బట్టి, కోసే తీరును బట్టి, మొత్తం బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఇలా పోతుంది. రొయ్యలైతే తలా పెంకూ కలిపి 40 శాతం తేలిగ్గా దాటుతుంది. అంటే ఊళ్లో ఒక టన్ను చేప శుభ్రంగా వండుకు తిన్నారంటే, అదే ఊళ్లో ఇంకెక్కడో ఐదు నుంచి పది క్వింటాళ్ల చేప అశుభ్రంగా కుళ్లుతోందన్నమాట. మొదటి లెక్క మాత్రమే మత్స్య సంపద పేరుతో ప్రకటనల్లో వస్తుంది. రెండో లెక్క గాలివాటున వస్తుంది.

దానం పుచ్చుకునేవాళ్లకు కొదవ లేదు. గద్దలు, కాకులు, కుక్కలు, పందికొక్కులు, ఈగలు. ఈ రాష్ట్రంలో ఏ సంక్షేమ పథకానికైనా ఆధార్ కావాలి, వేలిముద్ర పడాలి, పడకపోతే రేపు రమ్మంటారు. రేవుల్లోనూ బీచిల్లోనూ నడిచే ఈ ఉచిత భోజన పథకం ఒక్కటే ఏ కార్డూ అడగదు, ఎవరినీ వెనక్కి పంపదు, ఎన్నికలు అయిపోయినా ఆగదు. లబ్ధిదారుల సంఖ్య ఏటా పెరుగుతోంది. లబ్ధిదారులు తిన్న ఇంటి వాసాలు ఎలా లెక్కపెడతారన్నదే మనం పట్టించుకోని విషయం.

ముందు గద్దల సంగతి. 1937 నాటి విమాన నియమావళిలో 91వ నియమం ఒకటుంది. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించే చెత్తా చెదారం పడేయకూడదంటుంది. ఏ చెత్త అని ఎవరైనా అమాయకంగా అడుగుతారేమోనని హోటళ్లు, మాంసం దుకాణాలు, చేపల దుకాణాలు అంటూ పేరు పెట్టి మరీ చెప్పింది. చేపలరేవు నుంచి నౌకాదళం వారి విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగకు దూరం ఎంతో రోడ్డు మీద కాకుండా ఆకాశంలో కొలవండి, గద్దలు కొలిచేదీ అలాగే కనక. పది కిలోమీటర్లు ఉండదు. విమానం ఇంజనులోకి ఒక గద్ద దూరితే ఏమవుతుందో పైలట్లకు తెలుసు. శత్రుదేశానికి ఒక యుద్ధవిమానాన్ని నేలకు దించాలంటే క్షిపణి కావాలి, దానికి బడ్జెట్ కావాలి. మనం గుప్పెడు చేపపేగులతో ఆ ప్రయత్నం రోజూ చేస్తున్నాం. అదీ దేశభక్తి గేయాలు వింటూ.

తర్వాత కుక్కలు. శీతకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఉన్న ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి ఉన్న జాబితాలోనే ఈ తాబేలూ ఉంది. చట్టం చదవని కుక్క ఆ గూటిని తవ్వి, ఒకేచోట దొరికిన వంద గుడ్లు తిని, మూతి నాక్కుంటుంది. అటవీశాఖ వాళ్లు అర్ధరాత్రి టార్చిలైట్లు పట్టుకుని, కుక్కలకన్నా ముందు గుడ్లు ఏరి, కంచె కట్టిన పొదుగుడు కేంద్రాలకు చేరుస్తారు. ఆ కుక్కలకు మిగతా కాలమంతా చేపపేగులు పెట్టి, కండ పట్టించి, పిల్లల్ని కనేలా చేసి, అదే ఇసుక మీద కాపురం పెట్టించేది మనమే. ఒకే ఖజానా డబ్బుతో తాబేలును కాపాడతాం. ఒకే ఊరి చెత్తతో తాబేలు శత్రువును మేపుతాం. ఇంతటి సమదృష్టి మరే దేశంలోనూ లేదు.

ఇంత చెప్పినా చలించని పెద్దమనుషుల దగ్గర ఒక మహాసిద్ధాంతం ఉంటుంది: "సముద్రమంత సముద్రం, గుప్పెడు పేగులకు ఏమవుతుందండీ?" ఈ సిద్ధాంతం సగం నిజం. పూర్తి అబద్ధాలకన్నా సగం నిజాల వల్లే ఊళ్లు ఎక్కువ కంపు కొడతాయి.

నిజమైన సగం ఇది. ఓడల చెత్త మీద ప్రపంచ దేశాలు రాసుకున్న మార్పోల్ ఒప్పందం ఐదో అనుబంధం, వేటకు వెళ్లిన ఓడలో వేటవల్ల వచ్చిన తాజా చేపను, దాని భాగాలను చెత్త అన్న నిర్వచనంలోకే తీసుకోదు. అమెరికా చట్టం కూడా చేప వ్యర్థాన్ని సముద్రంలో వేయడానికి మామూలుగా అనుమతిపత్రం అడగదు. కానీ అదే వాక్యంలో ఒక మెలిక పెట్టింది: ఆ సడలింపు హార్బర్లకూ, చుట్టూ మూసుకున్న తీరజలాలకూ వర్తించదు. కడలి నడిబొడ్డున పడిన పేగు అడుగుకు చేరేలోపే పది నోళ్లు పంచుకుంటాయి. అది భోజనం. అడ్డుగోడల మధ్య కదలకుండా నిలిచిన రేవు నీటిలో పడిన పేగుకు ఆ అదృష్టం లేదు. దాన్ని సూక్ష్మజీవులు తింటాయి. తింటూ తింటూ నీటిలో ఉన్న ప్రాణవాయువును వాడేస్తాయి. అది అయిపోయాక ప్రాణవాయువు అక్కర్లేని ఇంకో జాతి దిగుతుంది. ఆ జాతి వదిలే వాయువు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే, వెండి నగను నల్లగా మార్చేదీ అదే.

కాబట్టి సముద్రం పెద్దదన్నది ఎవరూ కాదనలేదు. సముద్రం పెద్దదైనా మన చెయ్యి చిన్నది. అది విసిరింది నడిసముద్రానికి చేరదు, మడమ లోతు నీళ్లలో పడుతుంది. భూగోళం పైభాగంలో డెబ్బై శాతం నీరే అని బడిలో చదువుకున్నవాడు ఆ డెబ్బై శాతాన్నీ తలుచుకుంటూ జెట్టీ మెట్టు దగ్గర మూడడుగుల నీటిలో పేగులు వేస్తాడు. చదువు ఎక్కడికీ పోదు. పేగులూ ఎక్కడికీ పోవు.

రేవు పరిస్థితి మీద అధ్యయనం చేయదలచిన కమిటీలకు ఒక ఉచిత సలహా. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికని పెట్టిన సెలవు అది. బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, కత్తిపీటలకు పని తగ్గుతుంది. కమిటీ సభ్యులు మే నెల మధ్యలో వస్తే ముక్కుకు రుమాలు అక్కర్లేకుండా ఫొటోలు దిగవచ్చు. "పరిస్థితి గణనీయంగా మెరుగుపడింది" అని నిజాయితీగా రాయవచ్చు. జూన్ 15 తర్వాత రావలసి వస్తే ఆరోగ్యం బాగాలేదని ఉత్తరం పంపడం క్షేమం.

రేవును అక్కడే ఉంచి కాస్త ఉత్తరంగా, మర్యాదస్తులు తిరిగే బీచిల వైపు వెళదాం. ఇక్కడ నేరం మరింత నాగరికంగా జరుగుతుంది. పెదజాలారిపేటలో పడవ ఒడ్డుకు రాగానే బేరమాడి చందువలు కొని, అక్కడే కోయించుకుని, రుషికొండకో భీమిలికో వెళ్లి కాల్చుకు తినే బృందాలుంటాయి. వీరిలో చదువుకున్నవారు ఎక్కువ కనక పేగుల్ని ఊరికే ఇసుకలో పారేయరు. ఛీ, అది అనాగరికం. పలచటి పాలిథిన్ కవరులో పోసి, గాలి లేకుండా నొక్కి, రెండు ముడులు వేసి, అప్పుడు పారేస్తారు.

ఆ రెండు ముడుల మహిమ చెప్పుకోవాలి. ఊరికే ఇసుకలో పడి ఉంటే పీతలో, పురుగులో, ఎండో నాలుగు రోజుల్లో ముగించే పేగును, మనవాడు ముడి వేసి మనవల తరం దాకా భద్రపరిచాడు. లోపల అది కుళ్లి ద్రవమై, కవరు ఉబ్బి, ఒకనాడు చిన్నపిల్ల కాలికింద పగులుతుంది. లేదా కుక్క కవరుతో సహా మింగుతుంది. లేదా అల లాక్కుపోతే తాబేలు జెల్లీచేప అనుకుని నోట కరుచుకుంటుంది. చేపపేగు నేరస్తుడు కాదు, కవరుతో సహా పంపినవాడే దాన్ని నేరస్తుణ్ని చేశాడు. కానీ ఇతన్ని అడిగి చూడండి: "మేం చెత్త ఎక్కడపడితే అక్కడ వెయ్యమండీ, కవర్లో కట్టే వేస్తాం" అంటాడు, గర్వంగా.

రాళ్ల మీద కూర్చుని ఆదివారం గాలం వేసేవాళ్లది మరో శాఖ. పట్టిన చేపను అక్కడే చీల్చి, తెగిన నైలాను దారం, కొక్కెం, పేగులు కలిపి ఒకే చోట వదిలి, ప్రకృతితో మమేకమయ్యామని ఫోనులో రాసుకుంటారు. కొక్కేనికి పేగు తగిలించి వదిలితే దాన్ని ఎర అంటారు. ఆ ఎరకు ఏ కొంగ చిక్కిందో చూడటానికి వీళ్లు అక్కడ ఉండరు.

బయటి దేశాల్లో ఈ విషయం ఎందుకు కొంచెం మెరుగ్గా ఉందో వెతికితే, అక్కడి మనుషులు మనకన్నా మంచివాళ్లని ఏమీ తేలదు. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో బోట్లు నీళ్లలోకి దింపే ర్యాంపుల దగ్గర చేప కోయొద్దని, పేగులు నీళ్లలో వేయొద్దని హెచ్చరిస్తారు. కారణం ఉప్పునీటి మొసలి. రోజూ ఒకే చోట తిండి దొరికితే మొసలి ఆ చోటు గుర్తుపెట్టుకుంటుంది. పేగులు రాని రోజున పేగులు వేసే మనిషి వస్తాడు కదా అని వేచి చూస్తుంది. ఫ్లోరిడాలో పెలికన్లకు చేప ముళ్లు విసరొద్దంటారు, గొంతుసంచి చిరిగి చచ్చిపోతాయని. అలాంటి ర్యాంపుల్లో చాలాచోట్ల చేప కోసుకునే బల్ల, కుళాయి, మూత ఉన్న డబ్బా కనిపిస్తాయి. మన దురదృష్టం మొసళ్లు లేకపోవడం. బీచ్ రోడ్డు పొడవునా ఆకలితో ఉన్న నాలుగు మొసళ్లుంటే, అవగాహన సదస్సులకు అయ్యే టీ బిస్కట్ల ఖర్చు మొత్తం మిగిలిపోయేది.

మరి ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగేవారి కోసం ఒకే ఒక్క చేపపేగు వెంట కాసేపు నడుద్దాం. చేప కడుపులో ఉన్నంతసేపు అది మత్స్యశాఖ పరిధి. బయటికి రాగానే ఆ శాఖ చేతులు దులుపుకుంటుంది, ఎందుకంటే అది ఇక చేప కాదు, చెత్త. జెట్టీ మీద పడితే పోర్టువారి స్థలం. నీళ్లలోకి జారితే కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరం రాయాలి. కెరటం తెచ్చి ఇసుక మీద వేస్తే నగరపాలక సంస్థ. ఆ ఇసుక మీద రంగుల గొడుగు, కుర్చీ ఉంటే పర్యాటక శాఖ. కుక్క కరుచుకుని తాబేలు గూటివైపు నడిస్తే అటవీశాఖ. గద్ద కాళ్లతో పట్టుకుని పైకెగిరితే రక్షణ మంత్రిత్వ శాఖ. పొద్దున్న ఆరింటికి పుట్టిన పేగు తొమ్మిదింటికల్లా ఇన్ని కార్యాలయాలు తిరిగింది. సామాన్యుడి ఏ దరఖాస్తూ ఇంత వేగంగా ఇన్ని బల్లలు దాటిన చరిత్ర లేదు. దాటాక ఏమైందంటే, అన్ని దరఖాస్తులకూ ఏమవుతుందో అదే అయింది. ఎక్కడిదక్కడే కుళ్లింది.

చేయదలిస్తే చేయలేరా అంటే, చేయగలరు. రుషికొండను చూడండి. 2020లో, శుభ్రమైన బీచిలకు డెన్మార్క్ వాళ్లు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ వచ్చింది. ముప్పై మూడు షరతులు నెరవేర్చినందుకు నీలిరంగు జెండా ఎగిరింది. 2025లో కుక్కలు, చెత్త, నిర్వహణలోపం అని ఫిర్యాదులు వెళ్లగానే జెండా దిగింది. దిగిన జెండా మళ్లీ ఎగరడానికి మన యంత్రాంగానికి పట్టింది కొన్ని వారాలే. అంతకుముందు నెలల తరబడి కనపడని చెత్త, జెండా దిగగానే అందరి కళ్లకూ కనపడింది. మనకు కంపు ముక్కు ద్వారా తెలియదు, కోపెన్‌హాగన్ ద్వారా తెలుస్తుంది. ఈ లెక్కన ప్రతి రేవుకూ ఏదో ఒక విదేశీ జెండా ఇప్పించి, ఆర్నెల్లకోసారి దించి, మళ్లీ ఎగరేయడమే పారిశుద్ధ్యానికి దగ్గరి దారి.

అన్ని కార్యాలయాలూ, అన్ని వర్గాలూ ఏకాభిప్రాయానికి వచ్చే విషయం మాత్రం ఒకటుంది: తప్పు చేపలు కోసే ఆడవాళ్లది. ఆ తీర్పు చెప్పడం తేలిక. ఆమె అక్కడే కూర్చుని ఉంటుంది, పారిపోదు, లాయరును పెట్టుకోదు. ఆమె ఆస్తి ఒక చెక్క, ఒక కత్తి, చేప జారకుండా గుప్పెడు బూడిద, ఒక డబ్బా ఉప్పునీళ్లు. కూర్చున్న చోట కుళాయి లేదు. కాలువ ఉంటే దానికి వాలు లేదు. చెత్తడబ్బా ఉంటే దానికి మూత లేదు. మూత ఉంటే ఎత్తే బండి రాదు. ముక్కు మూసుకుని ఆమె ముందు నిలబడిన పెద్దమనిషి "ఎంత అసహ్యంగా ఉంచారమ్మా ఈ ప్లేసు" అంటూనే, కోత కూలి ముప్పై కాదు ఇరవై ఇస్తానంటాడు. ముక్కలు కవరులో పెట్టి ఆమె అడుగుతుంది:

"బాబూ, మీ సొమ్మే గదా, కడుపులోది కూడా కట్టీమంటారేటి?"

"ఛీ ఛీ, అదెందుకు! అక్కడ పడెయ్."

"అక్కడంటే ఎక్కడ బాబూ?"

ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఏ శాఖా, ఏ కమిటీ, ఏ పెద్దమనిషీ జవాబు చెప్పలేదు. చెప్పేలోపే కారు కదిలిపోతుంది.

ఆమె మాటల్లో మొదటి సగాన్ని ఎవరూ పట్టించుకోరు కానీ, న్యాయశాస్త్రమంతా అందులోనే ఉంది. మీ సొమ్మే గదా అంటోంది. కాటా మీద పడేది కోసిన చేప కాదు, నిండు చేప. రెండు కిలోల కోనాం అంటే పేగులతో, మొప్పలతో, పొలుసుతో కలిపి రెండు కిలోలు. డబ్బు రెండు కిలోలకూ ఇస్తాం. వంద గ్రాములు తక్కువ తూగిందని అనుమానం వస్తే కాటా తలకిందులు చేసి చూస్తాం. అంత కచ్చితంగా కొన్న సరుకులో మూడో వంతు, పది నిమిషాల తర్వాత, "మీ వాళ్ల చెత్త" అయిపోతుంది. కొన్నప్పుడు నాది, కోసినప్పుడు నీది, కంపు కొట్టినప్పుడు ప్రభుత్వానిది. సరుకుల విక్రయ చట్టంలో ఇలాంటి అమ్మకం లేదు. మన ఇంట్లో పెళ్లి భోజనాల తర్వాత ఎంగిలాకులు వంటవాళ్ల ఇంటికి పంపించం కదా.

పోనీ వదులుకున్నది పనికిరానిదా అంటే అదీ కాదు. గోదావరి సముద్రంలో కలిసే వైపు వలలో మగ కచిడి చేప పడితే పత్రికలో ఫొటో వేస్తారు. ధర లక్షల్లో పలుకుతుంది. ఆ లక్షలు మాంసానికి కావు, పొట్టలోని గాలితిత్తికి. అంటే ఏ కడుపులోని సరుకును ఛీ ఛీ అంటామో, ఆ కడుపులోని సరుకే చేప పేరు మారగానే లాకరులో పెట్టుకునేదవుతుంది. ఐస్‌లాండ్‌లో కెరెసిస్ అనే కంపెనీ కాడ్ చేప చర్మంతో మానని గాయాలకు పట్టీలు చేసింది. 2023లో డెన్మార్క్ కంపెనీ ఒకటి దాన్ని 130 కోట్ల డాలర్ల దాకా లెక్కగట్టి కొనుక్కుంది. వాళ్ల సముద్రంలో చేపకూ చర్మం ఉంటుంది, మన సముద్రంలో చేపకూ ఉంటుంది. దాన్ని చూసే కళ్లలోనే తేడా.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వారి పరిశోధన కేంద్రం విశాఖలోనే, పాండురంగాపురంలో, ఆర్కే బీచికి కూతవేటు దూరంలో ఉంది. చేప వ్యర్థాన్ని మెత్తగా నూరి, వందకు మూడు నాలుగు పాళ్లు ఫార్మిక్ ఆమ్లం కలిపి, రోజూ కలియబెడితే కొన్ని రోజుల్లో అది పలచటి ద్రవమై, కుళ్లకుండా నిలవ ఉండి, కోళ్లకూ చేపలకూ మేతలోకి పనికొస్తుందని ఆ సంస్థ ఏళ్లుగా చెబుతోంది. పైరుమీద చల్లుకునేలా కూడా తయారుచేసింది. రసాయనం వద్దనుకునే రైతు చేప వ్యర్థానికి సమానంగా బెల్లం కలిపి, మూతపెట్టి, మాగబెట్టి, నీళ్లలో పలచన చేసి కూరతోటకు కొడుతున్నాడు. రొయ్య పెంకు నుంచి కైటిన్, దాన్నుంచి కైటోసాన్ తీసి మందుల్లోనూ, నీటిశుద్ధిలోనూ వాడుతున్నారు. దేశంలో రొయ్యల సాగుకు మొదటి రాష్ట్రం మనదే. ఆ రొయ్యల మేతలోకి చేపపొడి కావాలి, దాని ధర పెరిగిందని రైతు గోల పెడతాడు. ఒక జిల్లాలో చేప కుళ్లుతుంది, పక్క జిల్లాలో చేపపొడి కొనలేక రైతు కుళ్లి కుళ్లి ఏడుస్తాడు. ఇద్దరి మధ్యా కావలసింది ఒక డ్రమ్ము, ఒక నూరుడు యంత్రం, ఒక బండి. అవి లేవు. బీచిలో సెల్ఫీ దిగడానికి ఊరిపేరుతో నిలువెత్తు అక్షరాలు మాత్రం ఉన్నాయి, రాత్రిపూట లైట్లతో.

ఎందుకు లేవో ఊహించడం కష్టం కాదు. డ్రమ్ముకు రిబ్బను కట్టి కత్తిరిస్తే ఫొటో బాగుండదు. కాలువ వాలుకు శిలాఫలకం వేయరు. మంచినీటి కుళాయి, నీళ్లు జారే సిమెంటు బల్ల, మూతున్న డబ్బాలు, ఎండ ముదరక ముందే వచ్చి ఎత్తుకుపోయే బండి, నూరే యంత్రం దగ్గర నెల జీతం ఉన్న ఇద్దరు మనుషులు. మొత్తం జాబితా ఇంతే. ఇందులో ఏ ఒక్కటీ ప్రారంభోత్సవానికి పనికిరాదు. ప్రారంభోత్సవం అయిన మర్నాడు కూడా పని చేయాల్సినవి ఇవి. మన ప్రణాళికల్లో మర్నాడు అనే పద్దు ఉండదు.

సరే, ప్రభుత్వం మేలుకునే దాకా పౌరుడు చేయగలిగినవి కూడా చెప్పాలి. చెబితే నవ్వుతారని తెలిసినా. బీచికి మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తీసుకెళ్లి, పేగులు అందులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. చెత్తబండి వచ్చే దాకా ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించి, బండి వచ్చిన పూట తడిచెత్త డబ్బాలో వేయవచ్చు. పెరడు ఉంటే కొబ్బరిచెట్టు పక్కన మోకాలి లోతు గొయ్యి తీసి కప్పెట్టవచ్చు. పైపైన కప్పితే కుక్క తవ్వుతుంది, లోతుగా కప్పితే చెట్టు తింటుంది. పడవ ఉన్నవాడు రేవు దాటి, లోతు నీళ్లలో, కవరు లేకుండా వదిలితే మీనాలే చూసుకుంటాయి. తెగిన గాలపు దారాన్ని చుట్టి జేబులో వేసుకుంటే జేబుకు ఏమీ కాదు. ఇవేవీ చట్టం తెలియాల్సిన పనులు కావు, ముక్కు ఉంటే చాలు.

ఇవన్నీ మన వల్ల కాదనుకుంటే డబ్బుతో అయ్యే దారి ఒకటుంది. కోత కూలి మీద కిలోకి ఐదో పదో ఎక్కువ వేసి, ఆ డబ్బు కోసేవాళ్ల సంఘం చేతికే ఇచ్చి, డబ్బాలూ బండీ వాళ్లచేతే నడిపించడం. కిలో కోనాం వందల రూపాయలు పెట్టి కొనేవాడికి పది రూపాయలు లెక్కలోకి రావు. కానీ ఈ మాట అనగానే ఏం జరుగుతుందో ముందే చెప్పగలను. ధరలు పెంచేశారని పత్రికకు ఉత్తరం, మత్స్యకారులు దోచుకుంటున్నారని వాట్సాప్‌లో ఆవేదన, పర్యావరణం ప్రభుత్వ బాధ్యత అని అపార్టుమెంటు సంఘం తీర్మానం. ఆ తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్లంతా ఆదివారం పొద్దున్న రేవులోనే కలుసుకుంటారు.

వారి హక్కులకు భంగం కలగకూడదు కనక, పైసా ఖర్చులేని ఇంకో పద్ధతి ప్రతిపాదిస్తున్నాను. పన్ను లేదు, కమిటీ లేదు, జెండా లేదు. ఒకే ఒక్క నియమం: తూకం వేసినదంతా కొన్నవాడి సంచిలోనే వెళ్లాలి, చివరి పొలుసు దాకా. వాళ్ల సొమ్ము వాళ్ల ఇంటికే చేరుతుంది. హాల్లో పెట్టుకుంటారా, పడగ్గదిలో పెట్టుకుంటారా అన్నది వారి ఇష్టం, ఏ శాఖా జోక్యం చేసుకోదు. మూడు పడకగదుల ఫ్లాటంత ఫ్లాటు, గుప్పెడు పేగులకు ఏమవుతుందండీ?